నాలుగో లైటు

"మంచివీ చెడ్డవీ కలిపేశావా!" ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

రెండు నెలలుగా, జనం పారేసిన ల్యాప్‌టాప్‌లు విప్పి బ్యాటరీ సెల్స్ తీస్తున్నాను. ఒక్కోదాన్నీ చార్జ్ చేసి, వారం ఆగి, మీటరు పెట్టి చూసి, చార్జింగ్ నిలిచినవి ఒక డబ్బాలో, దిగిపోయినవి ఇంకో డబ్బాలో వేశాను. వంటిల్లు సర్దుతూ అమ్మ వాటన్నిటినీ ఒకేదాంట్లో పోసేసింది.

"ఒక్క పాడు సెల్లు కలిసినా కొంప అంటుకుంటుంది, తెలుసా?"

"అన్నీ ఒకేలా ఏడ్చాయి. నాకేం తెలుసే?"

"పాడైన వాటి డబ్బాకి అరచెయ్యంత ఎర్ర టేపు అంటించానుగా! కళ్లెక్కడ పెట్టుకున్నావ్?"

"నోరు లేస్తోందేం? అసలు ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"నువ్వే! పొయ్యి దగ్గర చీకటి, చీకటి అని నా ప్రాణం తీస్తున్నావ్. ఒక లైటు చేస్తే చాల్లేదన్నావ్. రెండోదీ చాల్లేదు. మూడోదాన్ని మిణుగురు పురుగన్నావ్. నాలుగోది ఇవాళ పొద్దున్నే బిగించాను. ఐదోదానికని దాచిన సెల్స్ ఇలా మట్టిపాలు చేశావ్!"

ఖాళీ అయిన ఎర్ర టేపు డబ్బా తెచ్చి ఆమె మొహం ముందు పెట్టాను. "ఇదిగో, చూడు!"

అమ్మ విసురుగా లాక్కుంది. ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. చివరికి గట్టు మీద ఠంగుమని కొట్టింది.

"అరిచింది చాలు గానీ, ముందా లైటు వేసి చూపించవే."

నాలుగు లైట్లూ అమ్మ నెత్తి మీదే వెలుగుతున్నాయి.