వెళ్ళిన టైము

పెద్ద సేవాసంస్థ ఆఫీసు. రాత్రి కాపలా నాది. వచ్చిన టైము, వెళ్ళిన టైము గేటు పుస్తకంలో రాయిస్తాను.

ఇంటర్న్‌షిప్‌కని ఒక పిల్ల వచ్చేది. మూడో అంతస్తులో కూర్చుని దాతలకు థాంక్స్ ఉత్తరాలు టైపు కొట్టేది. ఇంటికెళ్దామని లేచేసరికి మేనేజరు ఫోన్ చేసి ఇంకో పని చెప్పేవాడు. "ఇంకొక్కటే తాతా" అనేది నాతో. పోయిన నెల ఆ కుర్చీలోనే ప్రాణం పోయింది. పుస్తకంలో వెళ్ళిన టైము గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆ మర్నాటి నుంచీ రాత్రిళ్ళు, తాళం వేసిన మూడో అంతస్తులో కీబోర్డు టకటకలు.

"సార్, ఆ పిల్ల ఇంకా పని చేస్తోంది" అని మేనేజరుకు చెప్పాను. భయపడతాడనుకున్నాను.

"తెలుసులేవయ్యా. పొద్దున్నకల్లా ఉత్తరాలు రెడీగా ఉంటున్నాయి. నువ్వెళ్ళి కదిలించకు."

ఒళ్ళు మండిపోయింది. చచ్చినా వదలరా?

ఆ రాత్రి పుస్తకం తెరిచి, నాకొచ్చిన మూడో క్లాసు రాతతో ఆ గడిలో టైము వేశాను. "ఇంక ఇంటికి పో తల్లీ" అని పైకి కేకేశాను.

టకటకలు ఆగాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగుతోంది. గేటు బార్లా తీసి పట్టుకున్నాను.

పైన ఫోను మోగింది.

అడుగులు ఆగాయి. మళ్ళీ పైకెక్కాయి.

నేను మాత్రం గేటు మూయలేదు.