నూట ముప్ఫై కిలోమీటర్ల గాలి

ఇక సంతకం ఒక్కటే మిగిలింది. అది పెట్టాల్సిన వెంకటరావు మాత్రం కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఆదివారం సాయంత్రం. ఖరగ్‌పూర్ ఊళ్లో, ఝపటాపూర్‌లోని తెలుగు సంఘం హాలు జనంతో కిటకిటలాడుతోంది. మైకు ముందు అమర్‌నాథ్ నిలబడి ఉన్నాడు. ఇంజను లేని గ్లైడర్లో, ఒట్టి గాలిని నమ్ముకుని, ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ దాకా నూట ముప్ఫై కిలోమీటర్లు ఎగిరిన వీరుడతను. వెంకటరావుకి సొంత చెల్లెలి కొడుకు.

ఊరి బయట పాత ఎయిర్‌స్ట్రిప్ మీద గ్లైడింగ్ క్లబ్ ఒకటుంది. దూరం ఎగరడంలో శిక్షణకి ఈసారి అక్కణ్ణుంచి ఒక్కరికే పిలుపు వచ్చింది. పోటీలో ఇద్దరు, అమర్‌నాథ్, కళ్యాణి. ఇద్దరూ మీవాళ్లే కాబట్టి మీరే తేల్చుకోండని క్లబ్ వాళ్లు రెండు కాగితాలూ సంఘానికి పంపి చేతులు దులుపుకున్నారు. సంఘం పెద్ద వెంకటరావు. ఆయన ఎవరి కాగితం మీద సంతకం పెడితే వాళ్లే వెళతారు.

తేల్చడానికి పెద్దగా ఏమీ లేదనే అందరూ అనుకున్నారు. గురువారం ఇద్దరూ ఎగిరారు. కళ్యాణి ముప్ఫై కిలోమీటర్లు వెళ్లి, కోతలైపోయిన ఒక వరిమడిలో దిగిపోయింది. ఆ గ్లైడర్‌ని పల్లెవాళ్లు గట్టు మీదికి నెడుతున్న ఫొటో ఖరిదా బజారంతా తిరిగింది. అమర్‌నాథ్ మాత్రం టాటానగర్‌లోనే దిగాడట. అతని స్నేహితుడు కిరణ్‌కుమార్ రెక్కలు ఊడదీసిన గ్లైడర్‌ని ట్రైలర్ మీద పొద్దుగూకకముందే వెనక్కి తెచ్చేశాడు. ఎంత చురుకైన మనిషో అని అతన్నీ మెచ్చుకున్నారు.

వెనక వరసలోంచి కళ్యాణి లేచింది.

"తాతగారూ, ఆ రోజు పదకొండున్నరకల్లా పడమటంతా పల్చటి మబ్బు పరుసుకుంది. ఎండ నేలకి తగల్లేదు. నేల వేడెక్కకపోతే గాలి పైకి లెగదు. గద్దలు కూడా ఎగరడం మానేసి సెట్ల మీద కూకున్నాయి. నేను సూసినాను."

"గద్దలు కూకుంటే మనమూ కూకోవాలేటి?" అన్నాడు అమర్‌నాథ్. హాలంతా నవ్వింది. "ఆకాశాన్ని సదవడం రావాల. అది అందరికీ రాదు."

ఖరిదాలో బట్టల కొట్టున్న అప్పలస్వామి దండ చేత్తో పట్టుకుని అందరికంటే ఎక్కువ నవ్వాడు. కళ్యాణి కూర్చోలేదు.

"ఎక్కడెక్కడ గాలి దొరికినాది, ఎప్పుడు దొరికినాది, అంతా ఫోను దానంతటదే రాసుకుంది. ఇనండి," అంటూ అమర్‌నాథ్ ఫోన్ తీశాడు. "పదకొండూ యాభైకి ఝార్‌గ్రామ్ మీదున్నాను. రెండు నిమిషాలు ఆగినాను."

"గ్లైడర్ ఆగదు కదన్నా?"

"ఆగడమంటే గుండ్రంగా తిరగడం, అమ్మా. ఎత్తు సంపాదించుకోవడం. నీకు నేర్పలేదేటి?"

మళ్లీ నవ్వులు. వెంకటరావు కళ్లు తెరవకుండానే తల ఊపాడు. మేనల్లుడికి హుషారు హెచ్చింది.

"చాకులియా కాడ పదకొండు నిమిషాలు పక్కకి తప్పుకుని ఉండిపోయినాను. ఎనకనించి పెద్ద గాలి ఒస్తోందని తెలిసిపోయింది. దడదడలాడించుకుంటా ఒచ్చి దాటిపోయింది. అది పోయినాకే కదిలినాను."

"ముందే ఎలా తెలిసినాది బాబూ?" అప్పలస్వామి అడిగాడు.

"అనుభవం."

చప్పట్లు మోగాయి.

"ఘాట్‌శిలా కాడ ఐదు నిమిషాలు. ఆఖర్న టాటానగర్ కళ్లెదుట కనపడతానే ఉంది. ఇరవై ఐదు నిమిషాలు అంగుళం ముందుకి పోలేకపోయినాను. ఎదురుగాలి. ఇంకొకరైతే బెంగపడిపోదురు. నేను ఓపిక పట్టినాను. దారి దొరికినాక ఒక్క ఊపున దిగినాను."

వెంకటరావు కళ్లు తెరిచాడు.

"ఆ ఎదురుగాలి అక్కడ రోజూ ఉంటాదిరా అమరూ," అన్నాడు నెమ్మదిగా.

"సూసినారా?" అమర్‌నాథ్ జనం వైపు తిరిగాడు. "గాలంటే ఫ్యాను గాలి తప్ప ఎరగని మా మావకి కూడా తెలుసు."

మొదటి వరసలో జోగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. కొడుకు ఘనతని ఇంతమంది ముందు అన్నగారే ఒప్పుకున్నందుకు ఆవిడకి ఆనందం ఆగడం లేదు. వెంకటరావు చెల్లెలి ముఖం చూశాడు. మంచినీళ్లు తాగాడు. చాలాసేపు తాగాడు.

తరవాత పెన్ను మూత తీసి, రెండు కాగితాలూ దగ్గరికి లాక్కుని, ఒక దాని మీద సంతకం పెట్టాడు. అప్పలస్వామి దండ సర్దుకుంటూ వంగి చూశాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"మావా, అది కళ్యాణి కాగితం," అన్నాడు అమర్‌నాథ్.

"తెలుసు."

"నేను సెప్పిందంతా ఇన్నావా, లేదా?"

"ప్రతి నిమిషం ఇన్నానురా."

ముప్ఫై ఒక్క ఏళ్లు అదే దారిలో టాటానగర్ ప్యాసింజరు రైలుకి గార్డుగా పచ్చజెండా ఊపిన మనిషికి, గ్లైడర్ ఎక్కడెక్కడ ఎన్నేసి నిమిషాలు ఆగిందో వినేసరికి, మేనల్లుడు ఎక్కిన బండి నంబరు కూడా తెలిసిపోయింది.