చెక్కుచెదరని ఫిల్లింగ్

"అబ్బ! పదేళ్ళయినా చిన్న పగులు లేదు!" డాక్టర్ వరప్రసాద్ దీపాన్ని ఇంకాస్త కిందికి లాగి, ఆగయ్య దవడ పన్ను చుట్టూ సూది మొనతో తడిమి చూశాడు.

పక్కనే నిలబడ్డ ఆగయ్య భార్య భూదేవి గోడ గడియారం వంక చూసింది. "జర జల్ది కానియ్యుండ్రి సారూ. ల్యాబు బంద్ జేస్తరు. ఇటునుంచి అటే పోవాలె."

"ఉండమ్మా! ఇలాంటి పన్ను సూరత్ అంతా వెతికినా దొరకదు."

అదీ నిజమే. పదేళ్ళ కింద లింబాయత్ పేటలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే తెలుగు వలస కార్మికులకు ఆయన ఫ్రీగా పంటి రంగు ఫిల్లింగులు వేశాడు. ఫ్రీ అంటే ఊరికే కాదు. ఏటా అదే తేదీకి వచ్చి చూపించుకోవాలి. వెనక పళ్ళలో అవి ఎన్నాళ్ళు నిలుస్తాయో ఆయన రాసుకోవాలి. పదిమందైనా పదేళ్ళూ వస్తేనే రిపోర్టు. తొమ్మిదిమంది పూర్తయ్యారు. పదోవాడు ఆగయ్య. సాంచా మీద దారం తెగ్గొట్టేది ఆ పంటితోనే, గుట్కా పెట్టేది ఆ బుగ్గలోనే. అయినా ఫిల్లింగ్ నిలిచింది. డాక్టర్ గారికి పన్నే ముఖ్యం మరి, మనిషి దాని చుట్టూ ఉండే సామాను.

"ఒక్క ఏడు తప్పినా అంతా దండగే" అని ప్రతిసారీ చెప్పి పంపేవాడు.

రెండేళ్ళుగా ఆగయ్య బతిమాలుతూనే ఉన్నాడు. "సారూ, పన్ను పక్కన పుండు మానుతలేదు. జర సూడుండ్రి."

"ఇప్పుడు అక్కడ కెలికితే నా రికార్డు పాడవుతుందయ్యా. పదేళ్ళు నిండనీ, నోరంతా నేనే చూస్తా."

పిచ్చి మారాజు, నమ్మాడు.

ఈసారి ఆగయ్య ఏమీ అడగలేదు. మాటిమాటికీ ఉమ్మి తుడిచే పనీ పడలేదు. ఫొటోలు ఎన్నడూ లేనంత బాగా వచ్చాయి.

"గుట్కా వాసన కూడా లేదే!"

"ఇరవై దినాలైంది బంద్ వెట్టి."

"మంచి పని."

వరప్రసాద్ కార్డులో పదో గడిలో టిక్కు పెట్టాడు.

"తారీఖు తప్పొద్దని ఆయనకు ఒకటే రంది సారూ," అంది భూదేవి. "పదేండ్లు నిండినయి గద. ఇగ నోరంత సూస్తమన్నరు..."

వరప్రసాద్ తలెత్తకుండా చేతి తొడుగులు విప్పాడు.

ఆపరేషన్‌లో కోసి తీసిన ఆ దవడను భూదేవి మళ్ళీ ల్యాబుకిచ్చే సీసాలో పెట్టుకుంది.