కళ్లజోడు డబ్బా

“మళ్ళీ తాళం తిప్పమ్మా,” అన్నాడు పక్కింటి మెకానిక్, వెనక సీటుకు చెవి ఆనించి.

ఆమె తిప్పింది. పాత కారు ఇంజను గిరగిరా తిరుగుతోందే గానీ అందుకోవడం లేదు. ఒళ్ళో పసివాడు పెనంలా కాలిపోతున్నాడు.

“తొందరగా చూడు బాబాయ్, ఆసుపత్రికి వెళ్ళాలి!”

“బ్యాటరీ భేషుగ్గా ఉంది. ఈ సీటు కింది పెట్రోలు పంపు మాత్రం చప్పుడు చెయ్యడం లేదు.” ఆయన ఫ్యూజుల మూత తీశాడు. “ఓరి! పంపు ఫ్యూజు ఎవరో పీకేశారే!”

తడిగుడ్డ తెస్తున్న అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. మెల్లగా వచ్చి కళ్లజోడు డబ్బా తెరిచింది. అందులో ఉంది ఫ్యూజు.

“టాక్సీ నడిపే రోజుల్లో మీ మామయ్య దొంగల భయానికి రోజూ ఇదే పీకి దిండు కింద పెట్టుకునేవారు.”

“మరి ఇప్పుడు ఏ దొంగ వస్తాడని పీకారు?”

“రాత్రి మా అబ్బాయితో పోట్లాడి, తెల్లారగానే పిల్లాణ్ణెత్తుకుని పుట్టింటికి పోతానన్నావుగా! వీడికి జ్వరమొస్తుందని నాకేం తెలుసే?”

కోడలి నోట రాబోయిన తిట్టు ఆగిపోయింది. తనను ఎప్పుడు సాగనంపుదామా అని చూస్తోందనుకున్న మనిషే, తను వెళ్ళిపోకుండా కారు ఆపింది.

ఫ్యూజు పెట్టగానే ఇంజను అందుకుంది.

“ఎక్కండి అత్తయ్యా, వీణ్ణి పట్టుకోండి. దారి పొడుగునా మీ అబ్బాయిని ఇద్దరం కలిసి తిడదాం.”