ముట్టని నీళ్ళు

మోంఘీని చంపింది ఠాకోర్ సాహెబ్. అందులో కర్మణ్‌కు ఏనాడూ సందేహం లేదు.

వీర్‌ధ్రా సంస్థానం మొత్తానికి మోటారు కారు ఒక్కటే, అది ఠాకోర్‌ది. ఏ కులం వాళ్ళయినా సరే, కాన్పు కష్టమై కోటకు కబురు పెడితే మంత్రసానిని ఎక్కించుకుని అది ఆ ఇంటికి రావాలి. తాతలనాడు గుర్రపు బండి వచ్చేది. ఈయన వచ్చాక మోటారు.

కర్మణ్ భార్య మోంఘీకి నెల ముందే నొప్పులు వచ్చిననాడు మోటారు రాలేదు.

సంస్థానం పోయిందీ ఆ నాడే. చుట్టుపక్కల సంస్థానాలన్నీ సౌరాష్ట్రలో కలిసిపోతున్నాయి. ఠాకోర్ నగలన్నీ మోటారులో వేసుకుని ఈ ఊరి మీదుగా రాజ్‌కోట్ దారిన ఉడాయిస్తాడని పుకారు పుట్టింది. మగవాళ్ళు పొలిమేరలో దారికి అడ్డంగా గొయ్యి తవ్వి, తుమ్మకంప పరిచి, పైన మట్టి కప్పారు. మొదటి పలుగు దించింది కర్మణ్. తర్వాత అందరూ పొలాలకు అడ్డంపడి కోట దగ్గరికి జెండా ఊరేగింపు చూడబోయారు.

తెల్లారి వచ్చేసరికి మోటారు గోతిలో బోర్లాపడి ఉంది. మనుషులు లేరు, నగలూ లేవు. నగలు ముందే దాటించాడనుకున్నారు. మోటారు ఎవరికోసం వస్తున్నదో ఎవరూ అడగలేదు.

ఇంట్లో తల్లీ బిడ్డా పోయి ఉన్నారు. "కోటకు కబురు పెట్టాను, మోటారు రాలేదు" అంది కర్మణ్ తల్లి.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు టీ కొట్టు దగ్గర కర్మణ్‌కు ఇదే కథ. "నా పెళ్ళానికి దక్కని మోటారు వాడికీ దక్కనివ్వలేదు" అని ముగించేవాడు. వినేవాళ్ళు అతని సాసర్‌లో ఇంకాస్త టీ పోయించేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం బాడుగకు తిరిగే కాసమ్ గుర్రపు బండి, ఊరికి ఎడంగా ఉన్న నేతగాళ్ళ వణకర్ పేట ముందు ఆగింది. తెల్లచీర కట్టిన ముసలామె దిగింది. ఒక కాలు ఈడుస్తూ, కర్ర పోటేసుకుంటూ వచ్చి, కర్మణ్ వాల్చిన మంచం మీద కూర్చోకుండా గడప పక్కన నేల మీద కూర్చుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఇది మోంఘీ ఇల్లేనా?"

ఒకప్పుడు అవునన్నాడు కర్మణ్. మగ్గం గుంటలోంచి లేచి, ఇత్తడి లోటాతో నీళ్ళు తెచ్చాడు. ఆమె అందుకోలేదు. ఎవరైతేనేం, వినే మనిషి దొరికింది కదా అని కథంతా చెప్పాడు. ఠాకోర్ దొంగతనం, గొయ్యి, మొదటి పలుగు, ఏదీ వదల్లేదు. ఆమె తల వంచుకుని చివరిదాకా వింది.

మళ్ళీ లోటా చాపాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

వణకర్ ఇంట పుట్టినవాడికి ఆ తల ఊపు కొత్త కాదు.

"ఏం తల్లీ, మా లోటా మైలా?"

"కాదు బిడ్డా. ఈ పూట ఈ ఇంట తాగకూడదు."

"రాజ్యాలు పోయినా మీ మడి పోలేదన్నమాట. వాడు నా పెళ్ళానికి మోటారివ్వలేదు, నువ్వు నా చేతి నీళ్ళు ముట్టవు. అంతా ఒక్క తానులో ముక్కలే."

లోటా ఆమె ముందు గుమ్మరించాడు. సగం నీళ్ళు చీర మీదే పడ్డాయి.

ఆమె కొంగు పిండుకుంది. ఒకసారి లేవబోయి కూలబడి, మళ్ళీ కర్ర మీద లేచింది. నీకు మంచే జరగాలని గొణిగి, బండి ఎక్కింది.

మర్నాడు టీ కొట్టు దగ్గర కర్మణ్ కథకు కొత్త తోక అతికించాడు. మడి ముసలమ్మను నీళ్ళు చల్లి తోలానన్నాడు. అందరూ నవ్వారు. కాసమ్ నవ్వలేదు. సాసర్ కింద పెట్టి, అతన్ని పక్కకు తీసుకెళ్ళాడు.

"చావు పరామర్శకు వచ్చిన మనిషి ఆ ఇంట నీళ్ళు ముడుతుందా? మీ అమ్మ నీకు ఆపాటి నేర్పలేదా?"

"ఇరవై ఏళ్ళకా పరామర్శ?"

"పోయేలోగా ఆ ఒక్క ఇల్లూ బాకీ ఉండకూడదంది."

"ఎవరావిడ?"

"కోట మంత్రసాని కంకుబెన్. మీ అమ్మ కబురు అందగానే బయల్దేరింది. డ్రైవరు జెండా చూడ్డానికి పోతే ఠాకోరే మోటారు తోలాడు. గోతిలోంచి వాళ్ళిద్దర్నీ నా బండిలో వేసుకున్నాను. తొడ విరిగి ఎముక బయటికొచ్చినా, ముందు మోంఘీ ఇంటికే తోలమంది. స్పృహ తప్పాకే ఆసుపత్రికి తిప్పాను."

కర్మణ్ గోడకు ఆనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"మొదటి పలుగు నాదేనని నువ్వు ఊరంతా చాటుకుంటుంటివి. నిజం తెలిస్తే నువ్వు బతకవని కంకుబెన్ నాచేత అల్లా సాక్షిగా మాట తీసుకుంది. ఠాకోర్ కూడా, దొంగ పేరు నాకే ఉండనీ అని పోయాడు. నిన్న నువ్వు ఆమె మీద పోసిన నీళ్ళతో నేనిచ్చిన మాటా కొట్టుకుపోయింది."

ఆ రోజు కర్మణ్ మగ్గం దగ్గరికి వెళ్ళాడు గానీ, గుంటలోకి కాళ్ళు దించలేకపోయాడు. గట్టు మీదే పొద్దు గూకిందాకా కూర్చున్నాడు.

మరుసటి వారం టీ కొట్టు దగ్గర ఎవరో కొత్తవాళ్ళు వచ్చారు. గొయ్యి కథ చెప్పు కాకా అని పాతవాళ్ళు ఉసిగొలిపారు.

కర్మణ్ తాగని సాసర్ పక్కకు నెట్టాడు.

"ఏ గొయ్యి?" అన్నాడు. "ఆ ఊసు ఇక నా దగ్గర ఎత్తకండి."