చెవిన పడని కబురు

గోపాలరావు చొక్కా జేబులో ఫోను మళ్లీ మోగింది. చూడకుండానే నొక్కి ఆపేశాడు.

"ఎవరండీ?" ఆటోలో పక్కనే కూర్చున్న కోటేశ్వరమ్మ అడిగింది.

"ఎవరో లోన్లవాళ్లు."

"ఇలా ఇవ్వండి." ఫోను లాక్కుని, స్విచ్చాఫ్ చేసి, తన సంచీ అడుగున పడేసింది. "కొండకెళ్తూ ఫోన్లెందుకు? దిగి వచ్చేదాకా ఇద్దరివీ ఆపేద్దాం."

అతనికి ప్రాణం లేచివచ్చింది.

నిన్నంతా ఎందుకో ఆగిపోయి ఉన్న ఆ ఫోను పొద్దున లేవగానే అతనే ఆన్ చేశాడు. వెంటనే రవిచంద్ర గొంతు. "నిన్నట్నుంచీ మీకు చేస్తూనే ఉన్నాను బాబాయ్. నాన్న పోయారు. దహనం కూడా అయిపోయింది."

రవిచంద్ర తండ్రి మల్లేశ్వరరావు, గోపాలరావుకి పెదనాన్న కొడుకు. ఎనభై దాటి, ఏడాదిగా మంచంలోనే ఉన్న మనిషి. అన్న పోయినందుకు కళ్లు తడిశాయి. ఆ వెంటనే గుండె జారింది. దాయాది మైల. పది రోజులు గుడి గడప తొక్కకూడదు.

అయితే ఆ మైల విన్నవాళ్లకే. కబురు చెవిన పడనంతవరకూ అంటదు. ఆ సంగతి కోటేశ్వరమ్మే ఎన్నోసార్లు చెప్పింది. అందుకే యాత్రకు బయల్దేరిన వాళ్లకి వాళ్లింట్లో ఎవరూ చావుకబురు చెప్పరు.

అతని గుండె ఆపరేషన్ రోజున ఆమె మొక్కుకుంది. 'ఈయన్ని కాలినడకన నీ కొండకి తీసుకొచ్చి నీ ముందు నిలబెడతాను స్వామీ.' ఆ నెలలోనే అతను రిటైరయ్యాడు. డాక్టరు నడవమన్నాడని ఈ ఏడాదంతా నడకలే. పుణెలో కూతురు లహరి దగ్గర ఉన్నప్పుడు సింహగడ్ ఎక్కారు. విశాఖలో తమ్ముడింటికి వెళ్తే సింహాచలం మెట్లు. వేసవిలో హిమాచల్ కొండల్లో కర్రలు పట్టుకుని, ఒకరి రొప్పు ఒకరు వింటూ తిరిగారు. అతని గుండె గట్టిపడింది. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. వచ్చేవారం ఆపరేషన్. ఆ తర్వాత కొండమెట్లు ఈ జన్మకి వద్దని డాక్టరు ఖాయంగా చెప్పాడు.

ఇప్పుడు కాకపోతే ఆ మొక్కు ఇక తీరదు.

విన్నది తను. తెలిసీ స్వామి ముందు నిలబడిన పాపం తనదొక్కడిదే అవుతుంది. ఆమె మాత్రం వినకూడదు. అంతే.

"ఏమండీ, ఏంటా పరధ్యానం? పొద్దున దీపం పెట్టమంటే కూడా వినిపించుకోలేదు."

"నువ్వే పెట్టొచ్చుగా."

"నా చేతులు పులిహోరలో ఉన్నాయి కదా!"

చివరికి ఆ ఇంట్లో ఇవాళ దీపమే వెలగలేదు. అది తలచుకుని అతను మొహం బయటికి తిప్పుకున్నాడు. ఆటో ఆబిడ్స్ దాటి మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగింది. దారికి పళ్లు కావాలంది ఆమె.

బండివాడు ద్రాక్ష తూకం వేస్తుండగా గోపాలరావుకి ఎదురుగా వరలక్ష్మి కనిపించింది. మల్లేశ్వరరావు మేనకోడలు. గౌలిగూడలో ఉంటుంది. చేతిలో ప్రయాణపు సంచీ, ఏడ్చి వాచిన కళ్లు. ఇటే వస్తోంది.

అతను "కోటేశ్వరీ, పద, ఆలస్యం..." అంటూ తిరిగాడు.

ఆమె అప్పటికే ఆటో వైపు గబగబా నడుస్తోంది. "పుల్లటి పళ్లండీ. రండి, రండి!"

"అమ్మా, తూకం ఏసినంక గట్ల పోతరేంది?" బండివాడు అరిచాడు.

ఆ మోకాళ్లతో అంత జోరు! దేవుడే నడిపిస్తున్నాడనుకున్నాడు గోపాలరావు.

"నాంపల్లి స్టేషనేనా? మెయిన్ రోడ్డు పట్టుకోనా?" ఆటోవాడు అడిగాడు.

"సందులోంచి పోనీ," ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఆటోవాడు అద్దంలోంచి చూసి నవ్వాడు. "అప్పు జేసి పారిపోతున్నరా ఏంది సార్? ఫికర్ జెయ్యకుండ్రి, దొరకనియ్య."

వాళ్లిద్దరికీ నవ్వు రాలేదు.

స్టేషను ముందు పూలమ్మి మల్లెలు చూపించింది. "తల తడారలేదు, వద్దులే," అంది కోటేశ్వరమ్మ. మల్లెలు వద్దనడం ఎప్పుడూ ఎరగడు. మరోరోజైతే అడిగేవాడే. ఇవాళ అతని కళ్లు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి.

అనుకున్నంతా అయింది. తిరుపతి రైలు ఎక్కబోతుండగా పక్క ప్లాట్‌ఫారం మీద, బెజవాడ బండి దగ్గర, వరలక్ష్మి. వాళ్లను చూసి చెయ్యెత్తింది.

"నువ్వెక్కి కూర్చో, నీళ్లు తెస్తాను," అంటూ భార్యని పెట్టెలోకి దాదాపు తోశాడు.

"మీరూ ఎక్కండి! నీళ్లు నా దగ్గరున్నాయి!" ఆమె అతని చొక్కా పట్టుకుంది.

విడిపించుకుని పరుగుతీశాడు. ఏడాది కొండలెక్కిన గుండె ఇప్పుడు దడదడలాడింది.

"మావయ్యా, మల్లేశ్వరరావు మావయ్య..."

"తెలుసమ్మా. పొద్దున్నే తెలిసింది. నీకు దణ్ణం పెడతాను, మీ అత్తయ్య దగ్గర మాత్రం అనకు. వింటే ఇక కొండెక్కదు."

వరలక్ష్మి అతని మొహంలోకి వింతగా చూసింది. "అత్తయ్యకా?" అంది. ఇంకేదో అనబోయింది. అతను జోడించిన చేతులు చూసి ఊరుకుంది. "సరే మావయ్యా. వెళ్లిరండి."

రైలు కదిలింది. చివరి క్షణంలో కమ్మీ పట్టుకుని ఎక్కాడు. ఇక భయం లేదు. తెల్లవారితే అలిపిరి. చెమట తుడుచుకుంటూ తమ సీటు వైపు నడిచాడు.

కోటేశ్వరమ్మ అతనికి వీపు పెట్టి కూర్చుంది. కిటికీ కమ్మీలకు మొహం ఆనించి, రెండు వేళ్లతో కళ్లొత్తుకుంటోంది. చెవి దగ్గర ఫోను.

"మనసేం బాగోలేదే లహరీ," అంటోంది. "పాపమంటే నాకే చుట్టుకోనీ. నిన్న కబురు రాగానే ఆయన ఫోను కట్టేశాను. మీ పెదనాన్న పోయిన సంగతి మీ నాన్నకి తెలియనివ్వలేదు."