బాలన్న ఓటు

బొంబాయి నుంచి వచ్చే ఉర్దూ సినిమా పత్రికలో ఫలితాలు చూసి, దర్జీ జలీల్ మిషన్ ముందు నుంచి ఎగిరి లేచాడు. పాఠకులు కార్డుల మీద రాసి పంపిన ఓట్లతో, ఆ ఏడు ఉత్తమ నటుడి బహుమతి అతనికిష్టమైన కత్తియుద్ధాల హీరోకే వచ్చింది.

అప్పుడే జిమల్‌గట్ట నుంచి టేకు దుంగల బండి తోలుకొచ్చిన బాలన్న, సిరోంచలోని జలీల్ దుకాణం ముందు ఆగాడు.

జలీల్ సంబరం చల్లారిపోయింది. రెండు నెలల కిందట బాలన్న ఒక కార్డు తెచ్చి, తనకిష్టమైన ఏడుపు సినిమాల హీరో పేరు రాయమన్నాడు. బాలన్నకు చదువు రాదు. అతని కళ్లముందే జలీల్ ఆ కార్డు మీద తన హీరో పేరు రాసి పోస్టు డబ్బాలో వేశాడు.

"ఏంది జలీల్ భాయ్, మావోడు ఓడిండా?"

"ఓడిండు బాలన్నా."

"పోనీతీ. నీవోడు గెలిచిండు గద, జర చాయ్ తాపియ్యి." బాలన్న నవ్వాడు. "నీకు చెప్పలే గని, ఇంకో కార్డు కొని మా ఊరి పంతులుతోని నీ హీరో పేరు రాయించిన. ఆయన ఓడితే నువ్వు పరేషాన్ అయితవని."

జలీల్ పత్రిక మూసేశాడు.

"మావోనికి నా ఓటు ఒక్కటన్న పడ్డది గద?"

"పడ్డది" అని జలీల్ తల వంచుకుని మిషన్ తొక్కసాగాడు. సూదికింద బట్ట లేదు.